పొయ్యి దిగిన తరువాత
(సొసైటీ వార్షిక సమావేశంలో దాతల ముందు చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ సమయానికి మేము స్కాలర్‌షిప్పుల లెక్క, రేషన్ కిట్ల లెక్క, ఆసుపత్రి బిల్లులకు ఇచ్చిన సాయం లెక్క చదువుతాం. ఆ లెక్కలన్నీ ఈ సంచికలోనే వేరే పుటల్లో ఉన్నాయి గనుక మళ్ళీ చదివి మీ సమయం తీసుకోం. ఈసారి హోటలు వంటగది గురించి మాట్లాడమని కార్యవర్గం మాకు అప్పజెప్పింది. అందుకు కారణం ఉంది. ఈ హాలులో కూర్చున్నవారిలో హోటళ్ళ యజమానులున్నారు, కేటరింగ్ చేసేవారున్నారు, చికెన్ సెంటర్ల వారున్నారు, ఫంక్షన్ హాళ్ళ వారున్నారు. మన సాయం అందుకునే ఇళ్ళలో ఎన్నో ఇళ్ళ పిల్లలు అవే వంటగదుల్లో అంట్లు తోముతున్నారు, ఉల్లిగడ్డ కోస్తున్నారు, ప్లేట్లు మోస్తున్నారు. అంటే ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి రెండూ ఒకే వంటగదిలో ఉన్నాయి.

మేడ్చల్ ఎలా మారిందో ఇక్కడివారికి మేము చెప్పనక్కరలేదు. ఒక పక్క నాగపూర్ వెళ్ళే 44వ జాతీయ రహదారి, ఇంకో పక్క శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి, రెండింటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. కండ్లకోయ, మైసమ్మగూడ వైపు ఇంజనీరింగు కళాశాలలు, వాటి చుట్టూ హాస్టళ్ళు. ఆదివారం చెరువు చూడడానికి పిల్లలతో వచ్చే కుటుంబాలు, జీనోమ్ వ్యాలీలో పనిచేసే ఉద్యోగులు, రాత్రంతా నడిచే లారీలు. వీళ్ళందరికీ ఆకలి వేస్తుంది. అందుకే రోడ్డుకు రెండు పక్కలా బిర్యానీ, మండి, షవర్మా, తందూరీ బోర్డులు వెలిశాయి. మనవాళ్ళకు ఉపాధి దొరికింది, అల్‌హమ్దులిల్లాహ్. ఆ ఉపాధి నిలవాలంటే తిన్నవాడు మరునాడు బాగుండాలి.

2024 అక్టోబరు చివరి వారంలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదులో బంజారాహిల్స్ నందినగర్ ప్రాంతంలో బండి మీద మోమోలు తిన్న ఒక మహిళ చనిపోయింది. చాలామంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల్లో చేరారు. అక్టోబరు 30న రాష్ట్ర ఆహార భద్రత కమిషనర్ పచ్చి గుడ్లతో చేసే మయొనైజ్‌ను ఏడాది పాటు నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆ ఏడాదే అధికారుల టాస్క్‌ఫోర్స్ బృందాలు నగరంలోని హోటళ్ళ వంటగదులు తనిఖీ చేసి ఫొటోలు బయటపెట్టడం మొదలుపెట్టాయి. ఆ నివేదికలు వరుసగా చదివితే ఒకే మాట మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. పచ్చి మాంసం, వండిన పదార్థం ఒకే ఫ్రిజ్‌లో, మూతలు లేకుండా, పక్కపక్కన. పనివాళ్ళకు వైద్య పరీక్షల పత్రాలు లేవు. పెద్ద పేరున్న చోట్లా ఇదే, చిన్న చోట్లా ఇదే.

దీన్ని అధికారులు క్రాస్ కంటామినేషన్ అంటారు. పచ్చిదానిలో ఉన్న క్రిమి తినడానికి సిద్ధంగా ఉన్నదానికి అంటుకోవడం, అంతే. మధ్యలో కత్తి ఉండవచ్చు, మొద్దు ఉండవచ్చు, గుడ్డ ఉండవచ్చు, మనిషి చెయ్యి ఉండవచ్చు. కోడిని కోసిన చెయ్యి కడుక్కోకుండా ఉప్పు డబ్బా ముట్టుకోనివ్వని మన దాదీ, నానీలకు ఈ ఇంగ్లీషు పేరు తెలియదు గాని పని తెలుసు. ఇంట్లో ఎనిమిది మందికి వండేటప్పుడు ఆ పని సులువు. రోజుకు ఎనిమిది వందల ప్లేట్లు పోయే చోట దానికి ఒక ఏర్పాటు కావాలి.

మన బిర్యానీనే తీసుకుందాం. కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసం, సగం ఉడికిన బియ్యం ఒకే దేగ్‌లో పడతాయి. కొత్తగా చూసినవాడు ఇదే ప్రమాదమనుకుంటాడు. కాదు. దేగ్ మూతకు పిండి అంటించి దమ్ పెట్టినప్పుడు లోపలి వేడి ముక్క మధ్యకు చేరుతుంది. ముక్క లోపల 75 డిగ్రీలు దాటితే కోడిలో మామూలుగా ఉండే సాల్మొనెల్లా వంటి క్రిములు బతకవు. మన మాస్టర్లకు థర్మామీటరు లేకపోయినా దమ్ ఎప్పుడు పూర్తయిందో తెలుసు. ఆ విద్య తరాలది, దాని గురించి వాళ్ళకు పాఠం చెప్పే అర్హత మాకు లేదు.

ప్రమాదం ప్లేటు అంచున ఉంటుంది. చక్రాల్లా కోసిన ఉల్లిగడ్డ, నిమ్మ చెక్క, కీర ముక్క, పెరుగు రైతా, పుదీనా చట్నీ, పైన చల్లిన కొత్తిమీర. వీటిలో ఒక్కటీ పొయ్యి ఎక్కదు. కోడి కొట్టిన మొద్దు మీద, అదే కత్తితో ఉల్లిగడ్డ కోస్తే, దేగ్‌లో చచ్చిపోవలసిన క్రిమి దేగ్‌ను తప్పించుకుని నేరుగా ప్లేటులోకి వచ్చినట్టు. రైతాలో పడిన క్రిమికి ఇంకా మంచి రోజులు. మధ్యాహ్నం 12కు కలిపిన రైతా బకెట్ సాయంత్రం 6 దాకా గల్లా పక్కన ఉంటుంది. అనువైన వెచ్చదనం, తేమ దొరికితే ఒక్కో క్రిమి సుమారు 20 నిమిషాలకు రెండవుతుంది. ఆ లెక్కన ఒకటి ఆరు గంటల్లో రెండున్నర లక్షలు దాటుతుంది. పెరుగు పులుపు కొంత అడ్డుపడుతుంది, నిజమే. నీళ్ళు కలిపి పలుచన చేసిన హోటలు రైతాలో ఆ పులుపు ఎంత మిగులుతుందో మీరే చెప్పండి.

గత రమజాన్‌కు ముందు మేము కొందరు యజమానుల అనుమతితో కొన్ని వంటగదుల్లోకి వెళ్ళి చూశాం. పేర్లు చెప్పం, అడగవద్దు. ఒక చోట పొయ్యిలు మెరుస్తున్నాయి, నేల తడి లేకుండా ఉంది, గోడకు లైసెన్సు ఫ్రేము కట్టి ఉంది. ఒక హెల్పర్ మసాలా పట్టించిన కోడి ముక్కలను టబ్బులోకి సర్దుతున్నాడు. పని అయ్యాక భుజం మీది మసిగుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. రెండు నిమిషాల తరువాత వడ్డించే చోటికి వెళ్ళి, ప్లేటు అంచున పడిన మసాలాను అదే గుడ్డతో శుభ్రంగా తుడిచి బయటికి పంపాడు. ప్లేటు అందంగా ఉండాలని అతని ఉద్దేశం. చిత్తశుద్ధి గల పనివాడే. ఆ వంటగదిలో అతని చేతికి అందే దూరంలో సబ్బు లేదు. సింకు ఒక్కటే. దానిలో అప్పుడు కోడి కడుగుతున్నారు.

కోడి కడగడం గురించి ఒక మాట. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2014లో పచ్చి కోడిని అసలు కడగవద్దని పెద్ద ప్రచారం చేసింది. కుళాయి కింద కడిగితే తుంపర్లు చుట్టుపక్కల గిన్నెల మీద, బట్టల మీద పడి క్యాంపిలోబాక్టర్ అనే క్రిమిని వెదజల్లుతాయని. లెక్క సరైనదే. కాని మన దగ్గర రక్తం పోయేదాకా కడగని మాంసం వండమంటే ఏ మాస్టరూ ఒప్పుకోడు, మేమూ ఒప్పుకోం. వాళ్ళ దగ్గర ప్యాకెట్‌లో వచ్చే కోడి వేరు, మన దగ్గర అప్పుడే కోసి సంచిలో వచ్చే కోడి వేరు. అందుకని మనం చేయగలిగింది, కడిగే చోటును వేరు చేయడం. ధార కుళాయి కింద కాకుండా లోతైన గిన్నెలో నీళ్ళు నింపి, దానిలో ముంచి కడగాలి. ఆ సింకు ఉల్లిగడ్డ కోసే బల్లకు దూరంగా, వీలైతే గోడకు అవతల ఉండాలి. కడిగిన తరువాత సింకును, చుట్టూ గట్టును సబ్బుతో రుద్ది వేడి నీళ్ళు పోయాలి. పచ్చివి తినే కూరలను మంచి నీళ్ళతో కడిగాక 50 పీపీఎం క్లోరిన్ నీళ్ళలో ముంచి తీయాలి. ఇది మన ఆహార భద్రత నియమాల్లో చెప్పిన కొలతే.

మొద్దు సంగతి. కొయ్య మొద్దు మీద ఏళ్ళ తరబడి కొడితే మధ్యలో గుంట పడుతుంది, చీలికలు వస్తాయి. ఎంత గీకినా ఆ చీలికల్లో చేరినది రాదు. ఖీమా కొట్టడానికి అది కావాలంటే ఉంచుకోండి, కాని దాని మీద మాంసం తప్ప మరేదీ పెట్టకూడదు. కూరగాయలకు వేరే బోర్డు. విదేశాల్లో ఆరు రంగుల బోర్డులు వాడతారు. ఎరుపు పచ్చి మాంసానికి, నీలం చేపకు, ఆకుపచ్చ పచ్చివి తినే కూరలకు, ఇలా. మన వంటగదికి ఆరు అక్కరలేదు. ఎరుపు, ఆకుపచ్చ, ఈ రెండూ చాలు. వాటితో పాటు పిడికి అదే రంగు ఉన్న రెండు కత్తులు, అదే రంగు అంచున్న రెండు గుడ్డలు. మన హోటళ్ళలో బిహార్, బెంగాల్, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలున్నారు. గోడ మీద తెలుగులో ఉర్దూలో రాస్తే వాళ్ళు చదవలేరు. రంగు అందరికీ ఒకటే. ఒక మంచి ప్లాస్టిక్ బోర్డు ఖరీదు ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీకి అటూ ఇటూగా ఉంటుంది.

ఫ్రిజ్‌కు కూడా ఒక్కటే సూత్రం. పచ్చి మాంసం అడుగు అరలో, వండినది, పచ్చిగా తినేది పై అరల్లో, అన్నింటికీ మూత. నీరు ఎప్పుడూ కిందికే కారుతుంది గదా. సగానికి పైగా వంటగదుల్లో మేము దీనికి తలకిందులుగా చూశాం. బరువైన టబ్బును కింద పెట్టి రోజంతా వంగి తీయడం కష్టమని పైన పెడతారు. పనివాడి నడుము నొప్పి కూడా ఆహార భద్రతలో ఒక భాగమని మాకు అప్పుడు తెలిసింది. వీలున్నవారు పచ్చిదానికి వేరే ఫ్రిజ్ పెడితే ఈ తగవే ఉండదు.

ఇంతవరకు చెప్పినవన్నీ డబ్బుతో, కొంచెం పట్టుదలతో అయ్యేవి. అసలు కష్టమైన విషయం చెయ్యి. 2022 మేలో కేరళలో కాసర్‌గోడ్ జిల్లా చెరువత్తూరులో షవర్మా తిన్న ఒక విద్యార్థిని చనిపోయింది, పలువురు పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. రోగుల్లో షిగెల్లా అనే క్రిమి బయటపడింది. షిగెల్లా కోడి రోగం కాదు. అది మనిషి కడుపులో ఉండి, మలం ద్వారా బయటికి వచ్చి, కడగని చేతుల ద్వారా, మురికి నీళ్ళ ద్వారా ఇంకొకరి నోటికి చేరుతుంది. టైఫాయిడ్ కూడా అంతే. ఎక్కడ రోగం వచ్చినా మనం ముందు మాంసాన్ని అనుమానిస్తాం, ఆ తరువాత నూనెను. మనిషిని చివర అనుమానిస్తాం, అదీ తిట్టడానికి.

నూరేళ్ళ కిందటి ఒక వంటమనిషి కథ చెప్పాలి. మేరీ మాలన్ అని, ఐర్లాండ్ నుంచి అమెరికా వలస వెళ్ళిన పేద స్త్రీ. 1906 వేసవిలో న్యూయార్క్ దగ్గర ఆయిస్టర్ బే అనే ఊళ్ళో ఒక ధనికుల ఇంట్లో వంటకు కుదిరింది. ఆ ఇంట్లో 11 మందిలో ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. జార్జ్ సోపర్ అనే ఇంజనీరు ఆరా తీస్తే, ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్ళలో చాలా చోట్ల ఇదే జరిగిందని తేలింది. ఆమెకు మాత్రం జ్వరం లేదు, నలత లేదు. టైఫాయిడ్ తగ్గిన కొందరిలో క్రిమి పిత్తాశయంలో ఏళ్ళ తరబడి దాగి ఉంటుంది. వాళ్ళు ఆరోగ్యంగానే కనిపిస్తారు. వండిన వంటలతో ఆమె హాని చేసి ఉండదు, పొయ్యి వాటిని కాపాడింది. సోపర్ అనుమానించింది ఆమె చేసే ఐస్‌క్రీమును, దానిలో పచ్చిగా కోసి వేసే పీచ్ పళ్ళను. మన ఉల్లిగడ్డ, నిమ్మ చెక్క లాగానే.

1907లో ఆమెను పట్టుకుని ఒక దీవిలో నిర్బంధించారు. 1910లో ఇక వంట చేయనని మాట తీసుకుని వదిలిపెట్టారు. బట్టలు ఉతికే పని చూపించారు. ఆ పనికి కూలి తక్కువ. ఆమె పేరు మార్చుకుని మళ్ళీ వంటకు వెళ్ళింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మందికి టైఫాయిడ్ వస్తే, వంటగదిలో ఆమె దొరికింది. మళ్ళీ ఆ దీవికి పంపారు, 1938లో చనిపోయేదాకా అక్కడే ఉంచారు. ప్రపంచం ఆమెను ఈనాటికీ టైఫాయిడ్ మేరీ అని పిలుస్తుంది. వంట మానమన్నవాళ్ళు వంటకు వచ్చే కూలి ఇవ్వలేదన్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఈ కథ మాకు ఎందుకు పట్టుకుందంటే, మేము చూసిన ఒక వంటగదిలో 19, 20 ఏళ్ళ కుర్రాడు సలాడ్ కోస్తూ మాటిమాటికీ బయటికి వెళ్ళి వస్తున్నాడు. అడిగితే రెండు రోజులుగా కడుపు బాగాలేదన్నాడు. మరి ఎందుకు వచ్చావు బేటా అంటే, "ఛుట్టీ మారే తో పగార్ కట్తా చాచా" అన్నాడు. ఆ రోజు కూలి పోతే ఇంటికి పంపే డబ్బులో తరుగు. అందుకని వచ్చాడు. యజమాని చెడ్డవాడేమీ కాదు. మేము చెప్పగానే కుర్రాడిని ఇంటికి పంపాడు. మేము ఆ రోజు అక్కడికి వెళ్ళకపోతే అతను రాత్రి 11 దాకా ఉల్లిగడ్డ కోసేవాడు.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చింది. దాని కింద 2011లో చేసిన లైసెన్సు నిబంధనల్లో నాలుగో షెడ్యూలు ఉంది. ఆహారం ముట్టుకునే ప్రతి పనివాడికీ ఏడాదికి ఒకసారి వైద్య పరీక్ష చేయించాలి. టైఫాయిడ్ వంటి పేగు జబ్బులకు టీకా వేయించి, రికార్డు ఉంచాలి. విరేచనాలు, వాంతులు, జ్వరం, చీము పట్టిన గాయం ఉన్నవాణ్ణి ఆహారం దగ్గరికి రానివ్వకూడదు. బాగానే ఉంది. అయితే ఇంటికి పంపిన రోజు కూలి ఎవరివ్వాలో ఆ షెడ్యూలు చెప్పదు. పదిమందీ అంతకు మించీ పనివాళ్ళున్న చోట ఈఎస్‌ఐ ఉంటుంది, దానిలో జబ్బు రోజులకు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. కాని మొదటి రెండు రోజులకు మామూలుగా రాదు. విరేచనాలు ఉండేదే రెండు మూడు రోజులు! పైగా తగ్గిన తరువాత కూడా మరో 48 గంటలు వంటగదికి రాకుండా ఉండడం క్షేమమని బ్రిటన్‌లో పాటిస్తున్న నియమం. పదిమంది కంటే తక్కువ ఉన్న చిన్న హోటలులో ఆ ఆసరా కూడా లేదు.

కాబట్టి హోటళ్ళు నడిపే దాతలను మేము మొదట అడిగేది చందా కాదు. కడుపు జబ్బుతో, జ్వరంతో ఉన్న పనివాడికి నాలుగు రోజుల వరకు పూర్తి కూలితో సెలవు. ఆ మాట అతనితో పనిలో పెట్టుకున్న రోజే చెప్పాలి. చెప్పకపోతే దాచుకుంటాడు. దొంగ సెలవులు పెడతారు గదా అని ఒక మిత్రుడు అన్నాడు. ఒకరిద్దరు పెడతారు. ఆ నష్టం ఒక శుక్రవారం మధ్యాహ్నం బేరం కంటే తక్కువ.

రెండోది టీకా. ఇది చెప్పేటప్పుడు మాకు కొంచెం గర్వం, కొంచెం బాధ కలుగుతాయి. టైఫాయిడ్‌కు ఒక్క డోసుతో ఎక్కువ కాలం పనిచేసే కాంజుగేట్ టీకా, టైప్‌బార్ టీసీవీ, ఎక్కడిదో కాదు, మన శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌ది. ఈ రకం టైఫాయిడ్ టీకాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం మొట్టమొదట పొందినది ఇదే, 2017 చివరలో. ఇక్కడి నుంచి ఎన్నో దేశాల పిల్లలకు వెళ్ళింది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో సలాడ్ కోసే మన కుర్రాడికి ఆ పేరు కూడా తెలియదు. మేము మాట్లాడిన పనివాళ్ళలో చాలామంది, టీకా అంటే కోవిడ్‌దే గదా, వేయించుకున్నాం అన్నారు. టీకా వేసుకుంటే చేతులు కడగనక్కరలేదని కాదు. అది టైఫాయిడ్‌ను మాత్రమే ఆపుతుంది, షిగెల్లాను ఆపదు, కామెర్లను ఆపదు. ఇదివరకే క్రిమిని మోస్తున్నవాడి కడుపులోంచి దాన్ని తీసేయదు కూడా. వైద్య పరీక్ష విడిగా కావాలి.

ఇక హలాల్ సంగతి. మన హోటలు బోర్డు మీద హలాల్ అని రాస్తాం, గిరాకీ దాన్ని చూసి నమ్ముతాడు. ఖుర్‌ఆన్ ఆహారం విషయంలో హలాల్ మాట పక్కన తయ్యిబ్ అనే మాటను కూడా పెట్టింది. తయ్యిబ్ అంటే శుద్ధమైనది, మేలైనది. జిబహ్ సరిగా జరిగిందా లేదా అన్నది మొదటి మాటకు సంబంధించినది. ఆ మాంసం దుకాణం నుంచి ప్లేటు దాకా ఎలా వచ్చింది అన్నది రెండో మాటకు చెందుతుందని మా అవగాహన. ఇందులో ఫత్వా ఇచ్చేంతటివాళ్ళం కాము, ఉలమా ఇక్కడే ఉన్నారు, సరిదిద్దుతారు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. మన హోటలుకు వచ్చి పనీర్, వెజ్ బిర్యానీ అడిగే హిందూ, జైన మిత్రులున్నారు. వంటగదిలోకి వాళ్ళు తొంగి చూడరు. నమ్మి కూర్చుంటారు. చికెన్ వేయించిన నూనెలో పనీర్ వేయిస్తే ఎవరికీ జ్వరం రాదు, ఏ అధికారీ పట్టుకోడు, వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. కాని అది అమానత్‌లో ఖయానత్. పంది మాంసం తగిలిన గరిటె మన ప్లేటులో పెడితే మనకెలా ఉంటుందో ఆలోచిస్తే చాలు. వెజ్‌కు వేరే కడాయి, వేరే గరిటె, వేరే నూనె. గ్రేవీలో జీడిపప్పు, పల్లీల ముద్ద వాడితే అడిగినవారికి దాచకుండా చెప్పమని సర్వర్లకు నేర్పాలి. పల్లీ పడని పిల్లలు ఉంటారు, కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. పది, అంతకు మించి శాఖలున్న హోటళ్ళు మెనూలో ఇలాంటివి తెలపాలని 2020 నిబంధనలు వచ్చాయి. చిన్న హోటలుకు ఆ బాధ్యత రాతలో లేకపోయినా నోటితో చెప్పడానికి ఖర్చేమీ లేదు.

వలీమాలలో మిగిలిన భోజనం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాం, ఎందుకంటే రాత్రి 12కు ఫోను చేసి బండి పంపమనే దాతలు ఈ హాలులోనే ఉన్నారు. మీ మనసు గొప్పది. కాని దేగ్‌లో మిగిలింది వేరు, దస్తర్‌ఖాన్ మీద మిగిలింది వేరు. వడ్డించిన డిష్‌లలోంచి తీసి దేగ్‌లో తిరిగి కలిపితే పది మంది చేతులు తగిలినది వంద మంది తినేదానిలో కలిసినట్టు. అలా కలిపినదాన్ని మా పిల్లలు తీసుకోరు, కోప్పడవద్దు. ముట్టని దేగ్‌ను మాత్రం, ఇంకా పొగలు వస్తుండగానే, అంటే 60 డిగ్రీల కంటే చల్లారకముందే మూతతో అప్పగించండి. మిగులు ఆహారం పంచడానికి 2019లో ప్రత్యేకంగా నిబంధనలు వచ్చాయి. ఎప్పుడు వండారో, ఎప్పుడు అందిందో చీటీ మీద రాసి అంటించే పద్ధతి మొదలుపెట్టాలని ఉంది. దావత్ ఉన్నవారు ఒక రోజు ముందు చెబితే శుభ్రమైన గిన్నెలు మేమే తెస్తాం, అర్ధరాత్రి దాకా ఆగనక్కరలేకుండా.

ఈ ఏడాది చేయదలచుకున్న పని ఇది. మేడ్చల్, శామీర్‌పేట మండలాల్లో మన దాతల చేతిలో ఉన్న హోటళ్ళు, కేటరింగ్ వంటగదులతో మొదలుపెడతాం. ప్రతి వంటగది నుంచి ఒకరిని ఆహార భద్రత సంస్థ వారి ఫోస్టాక్ శిక్షణకు పంపాలి. 25 మంది పనివాళ్ళకు ఒక్కరైనా ఆ శిక్షణ పొందినవారు ఉండాలని సంస్థ చెబుతోంది. మాస్టర్‌ను పంపితే మంచిది, మేనేజరును పంపితే కాగితం గోడెక్కుతుంది, పని మారదు. రంగు బోర్డులు, కత్తులు, చేతులు కడిగే వేరే సింకు, దాని పక్కన సబ్బు, ఇవి యజమాని ఖర్చు. టీకా, వైద్య పరీక్ష ఖర్చులో సగం యజమాని, సగం సొసైటీ భరించాలని కార్యవర్గం ఆలోచన. బండ్ల మీద అమ్ముకునేవారికి, పదిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న చిన్న హోటళ్ళకు మొత్తం సొసైటీయే భరిస్తుంది. వాళ్ళ పనివాళ్ళకు జబ్బు రోజుల కూలి కోసం వేరే ఖాతా తెరుస్తున్నాం. దానికి జకాత్ వాడవచ్చా, సదఖా మాత్రమేనా అన్నది ఉలమాను అడిగాం, జవాబు వచ్చేదాకా సదఖా సొమ్మునే తీసుకుంటాం. ఈ సాయం మతం చూసి ఇచ్చేది కాదు. ఒకే వంటగదిలో పక్కపక్కన నిలబడి కోసేవాళ్ళలో ఒకడికి టీకా వేసి ఇంకొకడికి మానితే అర్థం లేదు.

టీకా శిబిరం ఆదివారం పెట్టమని కొందరు సూచించారు. హోటలు పనివాడికి ఆదివారం ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. సోమవారం మధ్యాహ్నం 3 నుంచి 6 మధ్య, భోజనాల రద్దీ తగ్గి రాత్రి వంట మొదలుకాక ముందు పెడతాం. పేర్లు రాసుకునే పుస్తకం హాలు బయట బల్ల మీద ఉంది. ఒక్కో హోటలుకు ఒక పుట కేటాయించాం. యజమాని పేరు పైన, పనివాళ్ళ పేర్లు కింద. దయచేసి అంట్లు తోమే కుర్రాడి పేరు మరచిపోకండి, చాలా చోట్ల సాయంత్రం రద్దీలో సలాడ్ కోసేది అతనే.